మస్కట్ నుంచి సలాలాకు ఒక్కడినే

జనవరి 15, బుధవారం సాయంత్రం సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. శుక్రవారం పొద్దున పికప్‌లో సామాను వేసుకుని, ఒమాన్ దక్షిణాన ఉన్న సలాలా పోవాలి, మూడు నెలలు అక్కడే పని, తోడుగా రాయచోటి తమ్ముడు వస్తాడు అన్నాడు. మాది ఏసీ మెయింటెనెన్స్. రాగి పైపుల చుట్టలు, వ్యాక్యూమ్ పంపు, గ్యాస్ సిలిండర్లు, రెండు నిచ్చెనలు, మా ఇద్దరి బట్టల సంచులు. అంతా గురువారం మధ్యాహ్నానికే కట్టేశాం. గురువారం రాత్రి తమ్ముడికి 102 జ్వరం. సూపర్‌వైజర్‌కు చెబితే, రెండు పేర్లున్న జర్నీ ప్లాన్ కాగితంలో ఒక పేరు కొట్టేసి ఫొటో పంపాడు. అంతే, నేనొక్కడినే అని తేలిపోయింది.

మస్కట్ నుంచి సలాలాకు దాదాపు 1000 కిలోమీటర్లు. నాకు ఒమాన్ లైసెన్స్ వచ్చి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. ఆ లైసెన్స్ కథ కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చేవాళ్లు ఊళ్లో ట్రాక్టర్ నడిపాం, ఇక్కడ ఎంతసేపు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 2023 ఫిబ్రవరిలో కంటి పరీక్షతో మొదలుపెడితే సెప్టెంబర్‌కు చేతికొచ్చింది. ముందు సిగ్నల్స్. తర్వాత డ్రమ్ము టెస్టు, అంటే డ్రమ్ముల మధ్య బండిని రివర్స్‌లో పెట్టాలి, దేనికీ తగలకూడదు. తర్వాత స్లోపు. చివర్న పోలీసు పక్కన కూర్చుంటే రోడ్డు మీద నడపాలి. డ్రమ్ములు రెండోసారికి పాసయ్యాను. రోడ్డు టెస్టు మూడుసార్లు పోయింది, ప్రతిసారీ ఇంకో తేదీ కోసం వారాల ఎదురుచూపు. నేర్పించే ఉస్తాద్‌కు గంటకు 6 రియాళ్లు. అన్నీ కలిపి నాకు 310 రియాళ్లయ్యాయి. అప్పటి నా జీతం 170. లైసెన్స్ ఉంటే జీతం 30 పెంచుతామన్నారు, పెంచారు కూడా. ఆ 30 కోసమే ఈ తిప్పలన్నీ.

శుక్రవారం, జనవరి 17. నాలుగు ముప్పావుకు లేచాను. మా గదిలో ఏడుగురం. మొదట లేచినవాడు లైటు వెయ్యకుండా సెల్‌ఫోన్ వెలుగులో తయారు కావాలన్నది మా రూలు. అయినా అమలాపురం బాబాయి లేచి కూర్చున్నాడు. సంక్రాంతికి ఊరెళ్లొచ్చిన మా జగిత్యాల అతను తెచ్చిన సకినాలు ఒక డబ్బా, సోంపు పొట్లం, థర్మాస్‌లో టీ ఇచ్చాడు. "నిద్రొస్తే నమిలే వస్తువు నోట్లో ఉండాలి రా అబ్బాయ్, పాటలు నమ్ముకోకు" అన్నాడు. ఆయన ఈ దారిలో పదిసార్లు పోయాడు. పైగా ఇంకో మాట చెప్పాడు: "టాంకు సగానికి దిగితే నింపెయ్, పావు దాకా చూడకు." బయల్దేరేవాడికి ఇవి రెండూ చాలు. తక్కినవి నాలాగా దారిలో నేర్చుకోవచ్చు.

ఐదున్నరకు మస్కట్‌లోని గాలా దాటాను. ఏడున్నరకు నిజ్వా బైపాస్. ఇక్కడిదాకా కొండలు, ఖర్జూర తోటలు, రెండు వైపులా బండ్లు. ఎనిమిదింబావుకు ఆదమ్. అక్కడ టాంకు నింపి, ఆమ్లెట్ పరోటా తిన్నాను, టీతో కలిపి 400 బైసాలు (వెయ్యి బైసాలు ఒక రియాల్). పెట్రోలు 91 రకం అప్పుడు లీటరు 229 బైసాలు. అంటే మన రూపాయల్లో యాభై పైచిలుకు. పెట్రోలు కంపెనీ కార్డు మీద, తిండి నా జేబులోంచి.

ఆదమ్ దాటగానే కొండలు ఆగిపోతాయి. మెల్లగా తగ్గడం కాదు, అయిపోవడమే. వెనక అద్దంలో కాసేపు కనిపించి తర్వాత అవీ ఉండవు.

నేను ఎడారి అంటే ఇసుక దిబ్బలు అనుకున్నాను. ఈ రోడ్డు పక్కన చాలా దూరం దిబ్బలే లేవు. చిన్న చిన్న గులకరాళ్లు పరిచిన నేల, కల్లం అలికి ఆరబెట్టినట్టు, ఎటు చూసినా ఒకే మట్టం. చెట్టు లేదు, గట్టు లేదు, గోడ లేదు. ఎక్కడో ఒకచోట చమురు బావులకు దారి చూపే బోర్డు, దాని కింద బాణం, ఆ బాణం చూపించే వైపు ఏమీ లేదు. చూపు ఆనడానికి ఏదీ దొరక్క, మొదటి గంట నేను డాష్‌బోర్డు మీద దుమ్మునే ఎక్కువ చూశాను.

రేడియో ఆదమ్ దగ్గరే గరగరలాడటం మొదలుపెట్టి తర్వాత పోయింది. పాటలున్న పెన్‌డ్రైవ్ తమ్ముడి దగ్గరుండిపోయింది. ఫోన్లో ఉన్న పాటలు వేసుకున్నాను. మన గదిలో ఒకడు పాట పెడితే ఇంకోడు న్యూస్ పెడతాడు, మూడోవాడు పెళ్లాంతో గొడవ పడతాడు. అందుకే పాట అంటే నాకు మిగతా గోలకు అడ్డం పెట్టుకునే గోడ. ఇక్కడ అడ్డం పెట్టడానికి గోల లేదు. ఒక అరగంట విన్నాక చికాకేసి ఆపేశాను.

అప్పుడు బండి చప్పుళ్లు బయటపడ్డాయి. మొదట నిచ్చెన. టకటకమని కొడుతోంది. బండి ఆపి పాత గుడ్డ దోపి తాడు బిగించాను. అది ఆగితే పక్క సీటు బెల్టు బకిలీ తలుపు ప్లాస్టిక్‌కు తగులుతున్న చప్పుడు వినబడింది. తమ్ముడు కూర్చోవాల్సిన సీటు అది. బెల్టు లాగి ఖాళీ సీటుకు పెట్టేశాను. అది ఆగితే డ్రైవర్ తలుపు రబ్బరులోంచి సన్నని ఈల, 100 దాటితేనే వస్తుంది. దాన్ని మాత్రం ఏమీ చెయ్యలేకపోయాను. సలాలా దాకా అదే నాకు తోడు.

మా బండ్లలో ఒక డబ్బా ఉంటుంది. ఎంత వేగంతో పోయావు, ఎక్కడ గట్టిగా బ్రేకు కొట్టావు, ఎక్కడ ఎంతసేపు ఆపావు అన్నీ ఆఫీసుకు పంపుతుంది. వేగం మీరితే కుయ్ కుయ్‌మంటుంది. రెండు గంటలకోసారి 15 నిమిషాలు ఆగాలి, సూర్యాస్తమయం తర్వాత నడపకూడదు. మొదట్లో ఈ రూళ్లన్నీ మమ్మల్ని నమ్మక పెట్టినవే అనుకునేవాణ్ణి. డిఫెన్సివ్ డ్రైవింగ్ క్లాసులో చెప్పిన ఒక్క మాటతో మనసు మారింది. ఒంటె కాళ్లు పొడుగు. బంపర్ కాళ్లను కొడుతుంది, అంత బరువైన ఒళ్లు వచ్చి అద్దం మీద, మన మీద పడుతుంది. రాత్రిపూట అది రోడ్డు మీద నిలబడితే లైటు పడేది కాళ్ల మీద, ఆ రంగు ఇసుకలో కలిసిపోతుంది. ఆ మాట విన్నాక సాయంత్రం ఐదైతే నాకు నేనే బండి ఆపుకునే చోటు వెతుకుతాను.

గాబా దాటి పోతుంటే, పదకొండుకు పది నిమిషాలుండగా, వెనక ఎడమ చక్రం దబదబమంది. పక్కకు తీశాను. టైరు పక్క గోడ కోసుకుపోయింది. ఏదో ఇనుప ముక్క అయ్యుంటుంది.

మా పికప్ హైలక్స్, అందులో స్టెప్నీ ట్రాలీ కింద గొలుసుకు వేలాడుతుంది. వెనక బంపర్ దగ్గర చిన్న రంధ్రం, అందులోంచి పొడుగు రాడ్డు దూర్చి తిప్పితే గొలుసు దిగుతుంది. చెప్పినంత తేలిక కాదు. రంధ్రంలో మట్టి గట్టిపడి ఉంది, స్క్రూడ్రైవర్‌తో గీకాల్సి వచ్చింది. రాడ్డు కొస లోపల గాడిలో పడేదాకా మోకాళ్ల మీద కూర్చుని గుడ్డిగా వెతకడమే. గొలుసు తుప్పు పట్టి సగంలో ఆగిపోతే, బండి కిందకు దూరి కాలితో తన్నాను. టైరు దిగింది. దిగాక నొక్కి చూస్తే మెత్తగా ఉంది. గాలి సగం కూడా లేదు. బయల్దేరే ముందు నింపే చెక్‌లిస్టులో "స్పేర్ టైర్: ఓకే" అని టిక్కు పెట్టి సంతకం చేసింది నేనే. కింద వేలాడుతుంటే కనిపించింది కదా, ఉంది కదా అని పెట్టాను. మీరు అలా పెట్టకండి. బయల్దేరే ముందు రోజే దించి గాలి కొట్టించండి.

వెనక అంత బరువుతో ఆ టైరు మీద పోలేను. ఫోన్లో సిగ్నల్ లేదు. ఇంజను ఆపేసి నీడ కోసం బండి పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది ఎలా చెప్పాలో నాకింకా తెలియడం లేదు. మొదట ఇంజను చల్లారుతున్న టిక్ టిక్. అది నెమ్మదిగా దూరమై దూరమై ఆగిపోయింది. గాలి లేదు. పక్షి లేదు. నా చెవుల్లో గుయ్యిమనే శబ్దం వినబడింది. అది బయట ఎక్కడో మోగుతోందనుకుని లేచి చుట్టూ చూశాను. కరెంటు తీగలు లేవు, ఏమీ లేవు. అది నా చెవులదే. ఆ గుయ్యిమనడం కింద ఇంకో చప్పుడు, మెల్లగా, ఒకే తీరుగా. కాసేపటికి తెలిసింది, అది గుండె.

తొమ్మిదేళ్లుగా నేను ఒక్కడినే ఉన్నది ఎప్పుడని ఆలోచించాను. బాత్‌రూమ్‌లో కూడా బయట ఒకడు తలుపు కొడుతుంటాడు. భార్యతో మాట్లాడాలంటే మెట్ల మీదో, దుప్పటి ముసుగులోనో. 2022 నవంబర్‌లో నాన్న పోయినప్పుడు టికెట్ దొరకలేదు, సెలవూ దొరకలేదు. మా బామ్మర్ది ఫోన్ పట్టుకుని వీడియోలో అంతా చూపించాడు. నా వెనక ఆరుగురు నిలబడి చూస్తున్నారు. మంచివాళ్లు, నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. వాళ్ల ముందు ఏడవలేకపోయాను. మర్నాడు డ్యూటీకి పోయాను.

ఇప్పుడు ఎవరూ లేరు కదా, ఏడుపు వస్తుందేమో అని చూశాను. నాన్నను గుర్తు తెచ్చుకుందామని ప్రయత్నిస్తే నాన్న రాలేదు, ఎండిపోయిన బోరు గుర్తొచ్చింది. దాని మీద పెట్టిన 1,40,000. తర్వాత వీసా కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది ఎంత, తీర్చింది ఎంత. చెల్లె పెళ్లి. బిడ్డ స్కూలు ఫీజు. ఒక్కొక్కటీ లెక్క చూసుకుంటూ పోయాను, ఎవరూ మధ్యలో పిలవలేదు కాబట్టి మొదటిసారి లెక్క చివరిదాకా వచ్చింది. ఇంకా 62,000 ఉంది. నేను లక్ష దాకా ఉందని భయపడుతున్నాను ఇన్నాళ్లూ. లెక్క అయిపోయాక తలలో ఏమీ మిగల్లేదు. ఏడుపు రాలేదు. ఆకలేసింది.

సకినాల డబ్బా తీశాను. ఒకటి కొరికితే ఆ కరకర ఎంత గట్టిగా వినబడిందంటే, ఉలిక్కిపడి నమలడం ఆపేశాను. ఎవరైనా వింటారేమో అన్నట్టు! ఎవరున్నారక్కడ? నాకే నవ్వొచ్చింది. నవ్వితే అదీ పెద్దగా వినబడింది. "ఏంరా, పిచ్చి లేసిందా?" అని పైకే అన్నాను, మా ఊరి యాసలో. నా గొంతు అంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు. నాన్న గొంతులా ఉంది. ఊళ్లో అందరూ అంటుంటారు కానీ, నేను వినడం అదే మొదలు.

లారీ కనిపించక ముందే వినబడింది. ఎంతసేపు వినబడిందో, నేను లేచి నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచేంతసేపు. తర్వాత రోడ్డు చివర ఎండమావిలో ఏదో ఊగింది. చక్రాలు లేని డబ్బా నీళ్ల మీద నిలబడినట్టు. దగ్గరికొస్తున్న కొద్దీ చక్రాలు మొలిచాయి. పైపుల ట్రైలర్. నేను చెయ్యి ఊపకముందే వేగం తగ్గించి, నన్ను దాటాక చాలా ముందుకు పోయి ఆగింది.

పఠాన్ డ్రైవర్. గడ్డం తెల్లగా, చేతికి గ్రీజు. ఏమైందని అడగలేదు, టైరును కాలితో తన్ని చూశాడు. "హవా నహీ హై" అని తనలో తను అనుకుని, ట్రైలర్‌ను రివర్స్‌లో మా బండి దగ్గరికి తెచ్చాడు. ఆ పొడుగు ట్రైలర్‌ను అంత గీత గీసినట్టు వెనక్కి తెస్తుంటే నా డ్రమ్ము టెస్టు గుర్తొచ్చి సిగ్గేసింది. లారీ బ్రేకులకు గాలి ట్యాంకు ఉంటుంది కదా, దానికి ఒక పైపు తగిలించి మా స్టెప్నీకి గాలి పట్టాడు. గేజీ లేదు, బొటనవేలితో నొక్కి చూసి చాలు అన్నాడు. టైరు మార్చేదాకా జాకీ పట్టుకుని ఉన్నాడు. ఖాన్ సాబ్ అని పిలిచి డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. సకినాలు ఇస్తే తీసుకున్నాడు. ఒకటి కొరికి, "యే క్యా హై, చూడీ?" అన్నాడు. గాజుల్లాగే ఉంటాయి మరి.

ఈ రోడ్డు గురించి భయపడేవాళ్లకు ఇది చెప్పాలి. నాకు జరిగిందేమిటంటే, దారిన పోయిన మొదటి బండే ఆగింది. రెండో రోజు నేను ఊరికే ఆపి కూర్చుంటే కూడా ఇద్దరు ఒమానీలు వేరువేరుగా బండి స్లో చేసి, బొటనవేలు పైకెత్తి బాగున్నావా అన్నట్టు చూసి, నేను తలూపితేనే పోయారు. జనం లేనిచోట మనిషిని చూడకుండా పోరు.

అక్కడ ఆగింది మొత్తం 71 నిమిషాలు. ఈ సంఖ్య నాకెలా తెలుసో తర్వాత చెబుతాను.

హైమా దాకా 80 మీదే నడిపి, రెండుంబావుకు చేరాను. సిగ్నల్ రాగానే ఫోన్ వణకడం మొదలైంది, ఆగలేదు. భార్యవి 23 మిస్డ్ కాల్స్. మన దగ్గర గంటన్నర ముందు కాబట్టి అక్కడ మూడు ముప్పావు. "గింత సేపు ఫోను ఎందుకు కలుస్తలేదు? అత్తమ్మ పొద్దటిసంది ముద్ద ముట్టలే" అంది. అమ్మ ఫోన్ లాక్కుని "బిడ్డా, తిన్నవా?" అనడిగింది. పంక్చరైందని చెప్పలేదు. దారిలో సిగ్నల్ ఉండదని ముందే చెప్పకపోవడం నా తప్పు. మీరు ఇంట్లో చెప్పి బయల్దేరండి: ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఫోన్ కలవదు, భయపడొద్దని.

హైమా అంటే పెద్ద ఊరేం కాదు, కానీ అల్ వుస్తా గవర్నరేట్‌కు కేంద్రం అదే. పెట్రోలు బంకులు, హోటళ్లు, టైరు షాపులు, లారీలు. ఇక్కడ ఇంకో ఆశ్చర్యం: శుక్రవారం. టైరు షాపులన్నీ షట్టర్లు వేసి ఉన్నాయి. నమాజు తర్వాత భోజనాలు, నిద్ర, నాలుగింటికి గానీ తెరవలేదు. టైరు అతుకు వెయ్యడానికి కుదరదు, కొత్తదే వెయ్యాలన్నారు. 29 రియాళ్లు. మస్కట్‌లో ఇంకా తక్కువకు వచ్చేదేమో, బేరమాడే ఓపిక లేదు. నా డబ్బులే పెట్టాను, బిల్లు రాయించుకున్నాను. (ఆ 29 నాకు తిరిగి రావడానికి ఐదు వారాలు పట్టింది.) నాలుగున్నరైంది. సలాలాకు ముందొచ్చే ఊరు సుమ్రైత్ ఇంకా 370 కిలోమీటర్లకు పైనే. సూపర్‌వైజర్ అక్కడే ఉండమన్నాడు. గది 15 రియాళ్లు.

గదిలో రెండు మంచాలు, నేనొక్కడిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గురక లేక! అమలాపురం బాబాయి గురకకు ఎన్నిసార్లు తిట్టుకున్నానో. పన్నెండింటికి బయటకొచ్చి లారీల వెనక్కు నాలుగడుగులు నడిస్తే, లైట్లు దాటాక ఆకాశం కిందిదాకా దిగి ఉంది. చలి గట్టిగానే ఉంది, స్వెటర్ పెట్టుకోనందుకు తమ్ముడి సంచిలోంచి వాడి జర్కిన్ తీసి వేసుకున్నాను. జనవరిలో వచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోండి, మధ్యాహ్నం చొక్కా చాలు, రాత్రికి చాలదు.

శనివారం ఆరింటికి బయల్దేరదామని తలుపు తీస్తే పొగమంచు. ఎడారిలో పొగమంచేమిటి? బండి అద్దం మీద నీళ్లు కారుతున్నాయి, పది అడుగుల అవతల ఏముందో తెలియదు. హోటల్లో పనిచేసే మలయాళీ అన్న, మామూలే, ఈ ప్రాంతంలో సముద్రం మీది తేమ ఇక్కడిదాకా వస్తుందన్నాడు. ఇక్కడి మేకలకు, జింకలకు మంచులో తడిసిన ఆకులే నీళ్లట. ఈ మైదానాన్ని జిద్దత్ అల్ హరాసీస్ అంటారు. తెల్లటి అరేబియా ఓరిక్స్ జింకల అభయారణ్యం ఇటువైపే. ఒకప్పుడు యునెస్కో వారసత్వ జాబితాలో ఉండేది, 2007లో తీసేశారు. జాబితాలోంచి అలా తీసేసిన మొట్టమొదటి చోటు అదే. ఆకాశం నుంచి పడ్డ ఉల్కలు కూడా ఈ నేల మీద వందలకొద్దీ దొరికాయి, లేత రంగు నేల కాబట్టి నల్లరాయి ఇట్టే కనిపిస్తుంది. ఈ మాట విన్నాక రోజంతా నల్లగా ఏది కనిపించినా చూపు అటే పోయింది. అన్నీ చినిగిన టైరు ముక్కలే.

ఎనిమిదింటికి మంచు విడిచింది. టాంకు నింపి కదిలాను.

హైమా దాటాక చాలా దూరం మధ్యలో డివైడర్ లేదు. ఒకటే రోడ్డు, ఎదురుగా లారీ వస్తే ఆ గాలికి పికప్ ఒక పక్కకు జరిగి మళ్లీ సర్దుకుంటుంది. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోవాలి. ఒకటి దాటాక మాత్రం మళ్లీ ఎవరూ ఉండరు. సెలవు రోజు కావడంతో మరీ ఖాళీ. లెక్కపెట్టాను: గఫ్తైన్ దాటాక ఒక గంటలో ఎదురొచ్చినవి తొమ్మిది. నన్ను దాటిపోయినవి రెండు.

పదిన్నర ప్రాంతంలో ఒక సంగతి జరిగింది. నిద్ర రాలేదు, కళ్లు తెరిచే ఉన్నాయి, బండి గీతల మధ్యే ఉంది. ఒక్కసారి కిలోమీటర్ల బోర్డు చూస్తే, దానికి ముందు బోర్డు చూసి 20 కిలోమీటర్లయింది, ఆ 20 ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. ఒళ్లు చల్లబడింది. తిన్నగా ఉన్న రోడ్డు మనిషిని అలా మింగేస్తుంది. ఆ నిశ్శబ్దం నచ్చడం మొదలైంది కాబట్టే ఇంకా ప్రమాదం. నోట్లో సోంపు వేసుకుని, అద్దం దించి, దొరికిన చోట రోడ్డు దిగి బాగా లోపలికి ఆపాను. మరీ లోపలికి పోకండి, పైకి గట్టిగా ఉన్నట్టున్నా కింద మెత్తగా ఉండి చక్రం దిగబడుతుంది.

పదిహేను నిమిషాలు ఆగుదామనుకున్నాను. ఈసారి ఎదురుచూడటానికి ఏమీ లేదు, బాగుచెయ్యడానికి ఏమీ లేదు. ట్రాలీ అంచు మీద కూర్చుని కాళ్లు వేలాడేసి థర్మాస్‌లో టీ పోసుకున్నాను. చెవుల్లో గుయ్యిమనేది మళ్లీ వచ్చింది, నిన్నటిలా లేచి వెతకలేదు. నాన్న మధ్యాహ్నం పూట బావిగడ్డ మీద ఇలాగే కాళ్లు వేలాడేసి కూర్చునేవాడు. అన్నం తిన్నాక ఒక బీడీ తాగేంతసేపు. మేము అరిచినా పలికేవాడు కాదు. చెవుడేమో అనుకునేవాళ్లం. టీ అయిపోయింది, చల్లారింది కూడా పోసుకుని తాగాను.

సుమ్రైత్ ఒంటిగంటకు. అక్కడ బిర్యానీ 1.200 రియాళ్లు, నీళ్లు. సుమ్రైత్ నుంచి సలాలా 80 కిలోమీటర్లే. దారిలో వాదీ దౌకా దగ్గర రోడ్డు పక్కనే లుబాన్ చెట్లు, వంకర కొమ్మలతో పొట్టిగా, నీళ్లు లేని చేలో మోడుల్లా. లుబాన్ అంటే వీటి జిగురే, పొగ వేస్తే మన సాంబ్రాణికి దగ్గరగా ఉండే వాసన. తర్వాత కొండ దిగుడు. గేరు తగ్గించి దించాలి, బ్రేకు మీద కాలుపెట్టి కూర్చుంటే వేడెక్కుతుంది. ఈ కొండలు ఖరీఫ్‌లో, అంటే జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా, పచ్చగా ఉంటాయట. నేను చూసింది ఎండు గడ్డి రంగు. అయినా కొండ మలుపులో సముద్రం, కొబ్బరి చెట్లు ఒక్కసారి కనబడేసరికి అమలాపురం బాబాయికి ఫొటో తీసి పంపాను. "మా ఊరే" అని జవాబు వెంటనే వచ్చింది.

మూడింటికి ముందే క్యాంపు చేరాను. మొత్తం 1,038 కిలోమీటర్లు, పెట్రోలు దాదాపు 27 రియాళ్లు.

సోమవారం సూపర్‌వైజర్ రిపోర్టు పంపాడు. డబ్బాలోంచి వచ్చింది. రెండు గీతలు ఎర్రగా ఉన్నాయి. ఒకటి, శుక్రవారం ఆగిన 71 నిమిషాలు. దానికి పంక్చర్ బిల్లు జత చేశాను. రెండోది శనివారం పది ముప్పావు నుంచి 46 నిమిషాలు, దగ్గర్లో బంకు లేదు, హోటల్ లేదు, కారణం రాయాలి. నేను 46 నిమిషాలు కూర్చున్నానని నాకు తెలియదు, 20 అనుకున్నాను. కారణం గడిలో ఏం రాయాలో తోచక సాయంత్రం దాకా ఆపాను. చివరికి "డ్రైవర్ రెస్ట్" అని రాశాను. ఏ అభ్యంతరం లేకుండా పాసైంది.

ఇక్కడి గదిలో ఎనిమిదిమందిమి. మంచివాళ్లే. రాత్రి తొమ్మిదింటికి అందరి ఫోన్లూ ఒకేసారి మోగుతాయి. అప్పుడు నేను తాళాలు తీసుకుని కిందికొచ్చి పికప్‌లో కూర్చుంటాను, అద్దాలు పైకెత్తి. ఇంజను మాత్రం వెయ్యను. వేస్తే డబ్బాలో పడుతుంది, మళ్లీ కారణం రాయాలి. పది నిమిషాలు, మహా అయితే పావుగంట. తర్వాత ఎవడో ఒకడు వచ్చి అద్దం మీద కొడతాడు.

"అన్నా, నీళ్లొచ్చినయ్. బకెట్టు పెట్టుకో."